ఏడు గదుల వాద్యం

కళ్ళు మూసుకుని కూర్చోండి. పక్క గదిలో ఎవరో వీణ మీద ఒక్కసారి 'స' మీటారు. కాసేపాగి అదే 'స' వేణువు మీద ఊదారు. ఆ తరువాత హార్మోనియం మెట్టు ఒకటి నొక్కారు. మూడూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. అయినా ఏది వీణో, ఏది వేణువో, ఏది హార్మోనియమో చెప్పడానికి మీరు లేచి వెళ్ళి చూడనక్కరలేదు. విన్న క్షణంలోనే తెలిసిపోతుంది.

ఎలా తెలిసింది? స్వరాన్ని బట్టి కాదు. స్వరం ఒకటే గదా! గాలి సెకనుకు 440 సార్లు కంపిస్తే, ఆ కంపనం తీగ నుంచి వచ్చినా, వెదురు గొట్టం నుంచి వచ్చినా 440 సార్లే. గట్టిగా, మెల్లగా అనే తేడాను బట్టీ కాదు. మెల్లగా మీటినా వీణ వీణే. కనుక మూడోది ఇంకేదో ఉండాలి. దానికి శాస్త్రజ్ఞులు నాదగుణం అని పేరు పెట్టారు. పేరు పెట్టినంత మాత్రాన విషయం తేలిపోయిందనుకోకండి! ఈ నాదగుణం అసలు ఎక్కడ దాగి ఉందో పట్టుకోవడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడు మనం చెప్పుకోబోయేది ఒక పాత ఇంటి కంప్యూటరు సంగతి. అందులో ఒక చిన్న చిప్పు ఉండేది. దానిలో కొన్ని అంకెలు పెడితే పియానో మోగేది. వాటిలో ఒక్క అంకె మారిస్తే పియానో పోయి ఇంకో వాద్యం వచ్చేది. అంటే నాదగుణాన్ని గడియారంలా విప్పి, ఏ ముక్క ఏం చేస్తుందో చూసి, మళ్ళీ బిగించుకునే వీలు బడిపిల్లల చేతికే వచ్చిందన్నమాట!

టీవీకి తగిలించే పెట్టె

ఆ కంప్యూటరు పేరు కమొడోర్ 64. 1982లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు దాని ధర 595 డాలర్లు. చూడడానికి లావుపాటి టైపు మిషను మీటల పలకలా ఉండేది. దాన్ని ఇంట్లో ఉన్న టీవీకి తగిలించుకోవాలి. దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు! అయినా 1994లో తయారీ ఆగిపోయేలోగా అవి కోటికి పైగా అమ్ముడుపోయాయి.

ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్లు చేసే చప్పుళ్ళు వింటే నవ్వొస్తుంది. 'బీప్' అనేవి, 'బుర్ర్' అనేవి. ఆటలో బంతి గోడకు తగిలిందని తెలియడానికి అంతకన్నా ఏం కావాలి అని తయారీదారులు అనుకునేవారు. అలా అనుకోని మనిషి ఒకరున్నారు. ఆయన పేరు రాబర్ట్ యానెస్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కమొడోర్ కంపెనీకి చెందిన ఎం.ఓ.ఎస్. టెక్నాలజీ అనే చిప్పుల సంస్థలో యువ ఇంజనీరు. ఎలక్ట్రానిక్ సంగీతమంటే ఆయనకు ప్రాణం. అప్పటి ధ్వని చిప్పులను సంగీతం తెలియనివాళ్ళు చేశారని ఆయన అభిప్రాయం. తాను చేసే చిప్పు బీప్‌లు కొట్టే బొమ్మ కాకూడదు, అసలైన వాద్యంలా ఉండాలి అని పట్టుపట్టారు.

1981లో ఆ పని ఆయన చేతికి వచ్చింది గాని, ఇచ్చిన గడువు కొద్ది నెలలు మాత్రమే. ఒకే మండలాన్ని వంతులవారీగా తిప్పుతూ 32 స్వరాలు పలికించాలని ఆయన మొదట తలపెట్టారు. అందుకు వ్యవధి చాలలేదు. సరే, ఒక గొంతును బాగా తయారుచేసి, దాని నకళ్ళే పక్కపక్కన వేసి మొత్తం మూడు గొంతులు చేశారు. అలా పుట్టింది 6581 అనే చిప్పు. అందరూ దాన్ని ముద్దుగా సిడ్ అని పిలిచేవారు. దరిమిలా యానెస్ ఆ కంపెనీ వదిలి, మరికొందరితో కలిసి ఎన్సోనిక్ అనే సంస్థను స్థాపించి, నిజమైన సింథసైజర్లే తయారుచేశారు. సిడ్ మాత్రం ఇళ్ళలో ఉండిపోయింది.

హుండీల వంటి గదులు

సిడ్ చిప్పుతో మాట్లాడడానికి నోరు పనికిరాదు, అంకెలు కావాలి. చిప్పు లోపల 29 చిన్న గదులున్నాయి. వీటిని రిజిస్టర్లు అంటారు. ఒక్కో గదిలో 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె పెట్టవచ్చు. ఒక్కో గొంతుకు 7 గదులు. మూడు గొంతులకు 21. ఉమ్మడిగా ఇంకో నాలుగు. ఈ 25 గదులూ గుడిలో హుండీల వంటివి. వేయడమే గాని, వేసింది ఎంతో చూడడానికి వీల్లేదు! ఏ గదిలో ఏ అంకె పెట్టామో మనమే గుర్తుంచుకోవాలి. మిగిలిన నాలుగు గదులు మాత్రం చూడడానికే. వాటిలో ఒకదాని పని తరువాత చెబుతాను.

ప్రతి గదికీ ఇంటి నంబరు ఉంది. మొదటి గొంతు గదులు 54272 నుంచి 54278 వరకు. గదిలో అంకె పెట్టడానికి బేసిక్ భాషలో 'పోక్' అనే ఆజ్ఞ ఉంది. పోక్ 54296, 15 అంటే '54296 నంబరు గదిలో 15 పెట్టు' అని అర్థం. (యంత్రం మీద ఈ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఇక్కడ మన లిపిలో ఇస్తున్నాను.) అన్నట్టు, ఈ 54296 అన్నది ఉమ్మడి గదుల్లో ఒకటి, మూడు గొంతుల హెచ్చుతగ్గులూ దాని చేతిలో ఉన్నాయి. దానిలో 15 పెట్టడం మరచిపోతే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా యంత్రం నోరు మెదపదు. మొదటిసారి నేను అరగంటసేపు తప్పు వెతికింది ఇక్కడే!

ఇక మొదటి రెండు గదులు స్వరం కోసం. మనకు 440 హెర్ట్జ్ స్వరం కావాలనుకోండి. అమెరికా యంత్రంలో గడియారపు మిట్టలు సెకనుకు సుమారు 10 లక్షల 22 వేలు. దాని లెక్క ప్రకారం కావలసిన పౌనఃపున్యాన్ని 16.4044తో గుణించాలి. 440ని గుణిస్తే 7218 వస్తుంది. కాని గదిలో 255 కన్నా పెద్ద అంకె పట్టదు గదా! అందుకే రెండు గదులు. 7218ని 256తో భాగించండి. భాగఫలం 28, శేషం 50. శేషం 54272లో, భాగఫలం 54273లో పెట్టాలి.

ఇక్కడో తమాషా ఉంది. ఐరోపాలో అమ్మిన యంత్రాల గడియారం కొంచెం నెమ్మది. అదే 7218ని అక్కడ పెడితే 440 బదులు 424 హెర్ట్జ్ పలుకుతుంది. అంటే అర మెట్టు కన్నా కాస్త ఎక్కువే దిగిపోతుంది. అమెరికాలో రాసిన పాట ఇంగ్లండులో శ్రుతి దిగి వినిపించేది ఇందుకే. అక్కడ 7493 పెట్టుకోవాలి.

అల ఆకారం

స్వరం కుదిరింది. నాదగుణం మాటేమిటి?

జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. తీగ 440 సార్లు కంపించేటప్పుడు, అదే సమయంలో దానిలోని సగాలు 880 సార్లు, మూడో వంతులు 1320 సార్లు, ఇలా చిన్న చిన్న కంపనాలు కూడా జరుగుతుంటాయి. వీటిని అనుస్వరాలు అంటారు. మూలస్వరంతో పాటు ఏ అనుస్వరం ఎంత పాళ్ళలో కలిసిందన్నదే నాదగుణానికి మూలమని హెల్మ్‌హోల్ట్జ్ చూపించాడు. కూరలో ఉప్పు, కారం, పులుపు పాళ్ళు మారితే రుచి మారినట్టన్నమాట.

సిడ్‌లో నాలుగు రుచులు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది త్రిభుజ తరంగం: గుడారాలు వరసగా వేసినట్టు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దీనిలో అనుస్వరాలు బహు కొద్ది, కనుక మెత్తగా ఉంటుంది. రెండోది రంపపు తరంగం: నెమ్మదిగా ఎక్కి, ఒక్కసారిగా పడిపోతుంది. దీనిలో అన్ని అనుస్వరాలూ ఉంటాయి, కనుక గరగరలాడుతుంది. మూడోది స్తంభ తరంగం: పైకి, కిందికి తప్ప మధ్యలో ఎక్కడా ఆగదు. నాలుగోది రొద: దీనికి ఆకారమే లేదు, రేడియోలో స్టేషను దొరకనప్పుడు వచ్చే హోరు లాంటిది.

మూడోదానిలో ఒక విశేషం ఉంది. స్తంభం ఎంత వెడల్పు ఉండాలో మనమే చెప్పవచ్చు. 54274, 54275 గదులు అందుకే. వెడల్పు 0 నుంచి 4095 దాకా. 2048 పెడితే స్తంభమూ, ఖాళీ సరిసమానం. సరిసంఖ్య అనుస్వరాలు మాయమై బోలుగా వినిపిస్తుంది. వెడల్పు తగ్గిస్తున్న కొద్దీ పై అనుస్వరాలదే పెత్తనమై, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు సన్నబడుతుంది.

ఏ తరంగం కావాలో 54276 గదిలో చెప్పాలి. త్రిభుజానికి 16, రంపానికి 32, స్తంభానికి 64, రొదకు 128. వీటికి ఒకటి కలిపితే తలుపు తెరుచుకుని ధ్వని మొదలవుతుంది. ఆ ఒకటి తీసేస్తే తలుపు మూసుకుంటుంది. అంటే స్తంభ తరంగం మొదలు కావడానికి 65, ఆగడానికి 64.

తల నరికిన గంట

హెల్మ్‌హోల్ట్జ్ చెప్పింది నిజమే గాని, అది పూర్తి నిజం కాదు. 1948లో పారిస్ నగరంలో పియర్ షాఫర్ అనే రేడియో ఇంజనీరు ఒక చిత్రమైన పని చేశాడు. గంట మోతను రికార్డు చేసి, మొదట వచ్చే 'ఠంగ్' అనే దెబ్బను తీసేసి, తరువాతి మోతను మాత్రం వినిపించాడు. అది గంటలా లేనే లేదు! ఊదే వాద్యంలా ఉంది. అనుస్వరాలు అన్నీ అక్కడే ఉన్నాయి, పోయిందల్లా తల ఒక్కటే. అలాగే పియానో వాయించిన టేపును వెనకనుంచి ముందుకు తిప్పితే హార్మోనియం జాతి వాద్యమేదో మోగినట్టుంటుంది.

అంటే ఏమిటి? ధ్వని ఎలా పుట్టింది, ఎలా బతికింది, ఎలా పోయింది అన్నవి కూడా మన చెవి లెక్కవేస్తోంది. వీణ తీగను మీటగానే ధ్వని శిఖరానికి చేరుతుంది, ఆ వెంటనే క్షీణించడం మొదలు. వేణువులో ఊపిరి నిండడానికి కొంత వ్యవధి కావాలి, ఊదినంతసేపూ ధ్వని నిలుస్తుంది.

ఈ జీవిత చరిత్రను నాలుగు ఘట్టాలుగా విడగొట్టే పద్ధతి 1965 ప్రాంతంలో వచ్చింది. న్యూయార్కులోని సంగీతకారుడు వ్లదిమీర్ ఉసచేవ్‌స్కీ అడిగితే, సింథసైజరు నిర్మాత రాబర్ట్ మూగ్ దాన్ని తయారుచేసి ఇచ్చాడు. ఆ నాలుగింటికీ మనం ఎత్తుగడ, తగ్గుదల, నిలకడ, విడుపు అని పేర్లు పెట్టుకుందాం. ఎత్తుగడ అంటే ధ్వని శిఖరానికి చేరే కాలం. తగ్గుదల అంటే అక్కడనుంచి కొంత దిగే కాలం. నిలకడ అనేది కాలం కాదు, మట్టం: మెట్టు నొక్కి ఉంచినంతసేపు ధ్వని ఆ మట్టంలో ఉంటుంది. విడుపు అంటే వేలు తీశాక పూర్తిగా ఆరిపోయే కాలం.

యానెస్ తన చిప్పులో ప్రతి గొంతుకూ ఈ నాలుగూ అమర్చారు. అప్పటి ఇంటి కంప్యూటర్లలో ఇది పెద్ద మాట. ఒక్కోదానికి 0 నుంచి 15 దాకా అంకెలు. ఎత్తుగడ 0 అంటే సెకనులో వెయ్యింట రెండు వంతులు. 15 అంటే 8 సెకన్లు. తగ్గుదల, విడుపులకు దీనికి మూడు రెట్లు. అంతేకాదు, ఎక్కేటప్పుడు తిన్నగా ఎక్కే ధ్వని దిగేటప్పుడు తిన్నగా దిగదు. మొదట గబగబా, తరువాత నింపాదిగా దిగుతుంది. మీటిన తీగ క్షీణించేది కూడా ఇలాగే గదా!

ఎత్తుగడను 16తో గుణించి, తగ్గుదల కలిపి 54277లో పెట్టాలి. నిలకడను 16తో గుణించి, విడుపు కలిపి 54278లో పెట్టాలి. దీనితో ఏడు గదులూ నిండాయి.

అంకెల వంటకం

1985లో అదే కంపెనీ కమొడోర్ 128 అనే యంత్రం తెచ్చింది. లోపల అదే సిడ్. దాని బేసిక్ భాషలో పది వాద్యాలను ముందే తయారుచేసి ఉంచారు. ఆ పది వంటకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్ని పాఠాలున్నాయో చూడండి.

పియానోకు ఎత్తుగడ 0, తగ్గుదల 9, నిలకడ 0, విడుపు 0. స్తంభ తరంగం, వెడల్పు 1536. తగ్గుదల 9 అంటే ముప్పావు సెకను. సుత్తి దెబ్బ తగలగానే పుట్టి, ముప్పావు సెకనులో ఆరిపోతుందన్నమాట. ఇక హార్ప్సికార్డు అనే పాత ఐరోపా వాద్యం ఉంది. దానిలో సుత్తి తీగను కొట్టదు, చిన్న కొక్కెం మీటుతుంది. దాని వంటకం ఏమిటో తెలుసా? 0, 9, 0, 0. అచ్చంగా పియానోదే! స్తంభం వెడల్పు మాత్రం 1536 బదులు 512. అదొక్కటే తేడా. స్తంభం తీసేసి త్రిభుజం పెట్టండి, మిగతావి ముట్టుకోకండి. అదిప్పుడు జైలోఫోను, అంటే చెక్క బద్దలను పుల్లలతో వాయించేది. మూడు వాద్యాలకూ జీవిత చరిత్ర ఒకటే, అల ఆకారమే వేరు.

దీనికి తలకిందులు చూడండి. గిటారు, అకార్డియను రెండూ రంపపు తరంగమే. కాని గిటారు ఎత్తుగడ 0. అకార్డియను ఎత్తుగడ 12, అంటే పూర్తిగా ఒక సెకను. తిత్తి నిండి, గాలి నాలుకలను కదిపేసరికి ఆలస్యమవుతుంది గదా! గిటారు నిలకడ 2 మాత్రమే, అకార్డియనుది 12. అల ఒకటే అయినా ఒకటి మీటినట్టు, ఇంకొకటి తిత్తి ఊదినట్టు వినిపిస్తాయి.

పియానో వంటకాన్ని కమొడోర్ 64 మీద ఇలా రాయవచ్చు:

10 పోక్ 54296, 15
20 పోక్ 54277, 9
30 పోక్ 54278, 0
40 పోక్ 54274, 0
50 పోక్ 54275, 6
60 పోక్ 54272, 50
70 పోక్ 54273, 28
80 పోక్ 54276, 64
90 పోక్ 54276, 65

యాభైయో వరసలో 6 ఎందుకంటే 6 × 256 = 1536. ఇక్కడ 2 పెడితే హార్ప్సికార్డు. చివరి రెండు వరసల్లో ముందు తలుపు మూసి, తరువాత తెరిచాం. ఎందుకు? తెరిచి ఉన్న తలుపును మళ్ళీ తెరవలేం. 65 మీద మళ్ళీ 65 పెడితే చిప్పు పట్టించుకోదు. చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోయి, మొదటి స్వరం తరువాత యంత్రం చెడిపోయిందనుకుంటారు.

ఈ యంత్రం మీ దగ్గర లేదని దిగులు పడకండి. వైస్ అనే ఉచిత ప్రోగ్రాము ఈనాటి కంప్యూటరునే పాత కమొడోర్‌లా నటింపజేస్తుంది. పై వరసలు దానిలోనూ పనిచేస్తాయి. బడిలో కంప్యూటరు ఉంటే మాస్టారిని అడిగి చూడండి.

వేణువుకు ఊపిరి

ఇప్పుడు వేణువు చేద్దాం. వంటకం 9, 4, 4, 0, త్రిభుజ తరంగం. కనుక 54277లో 148, 54278లో 64, తలుపు తెరవడానికి 54276లో 17. ఎత్తుగడ 9 అంటే పావు సెకను.

మోగించి చూస్తే మొదట బాగానే ఉంటుంది. ఒక నిమిషం విన్నాక మాత్రం ఏదో వెలితి. ఫ్యాక్టరీ సైరను లోపల ఎక్కడో వేణువు వేషం వేసుకున్నట్టుంటుంది! కారణం, మనిషి ఊపిరి ఎప్పుడూ ఒకేలా ఉండదు. స్వరం సన్నగా ఊగుతూ ఉంటుంది. ఈ ఊపును ఎక్కడనుంచి తేవడం?

ఇందాక చూడడానికి మాత్రమే పనికివచ్చే గదులున్నాయని చెప్పాను. వాటిలో 54299 అనేది మూడో గొంతు అలను ఎప్పటికప్పుడు చూపిస్తుంది. మూడో గొంతు స్వరం గది 54286లో 90 పెట్టండి, దాని పై గది 54287లో 0. అప్పుడు దాని అల సెకనుకు అయిదారు సార్లు మాత్రమే ఊగుతుంది. 54290లో 16 పెడితే అది త్రిభుజం. తలుపు తీయలేదు కనుక మూడో గొంతు వినపడదు. లోలోపల మాత్రం ఊయల ఊగుతూ ఉంటుంది. ఆ ఊయలను చూసి మొదటి గొంతును కదిలిద్దాం:

100 పోక్ 54272, 50 + పీక్(54299)/4
110 గోటు 100

'పీక్' అంటే గదిలోకి తొంగిచూడు అని. 'గోటు' అంటే ఫలానా వరసకు వెళ్ళు అని. అంతే! స్వరం మీద సన్నని వణుకు వచ్చి, సైరను కాస్తా ఊపిరి పోసుకుంటుంది. ఇది మన గమకం మాత్రం కాదు సుమా. గమకంలో స్వరం పక్క స్వరాన్ని తాకి వస్తుంది, రాగాన్ని బట్టి దాని దారి మారుతుంది. దాని కోసం ఊయల చాలదు, దారి మొత్తం అంకెల్లో రాసుకోవాలి. చేయలేనిదేమీ కాదు, ఓపిక కావాలి.

డప్పు, మృదంగం

తాళవాద్యాల దగ్గర ఈ వంటకాలు కాస్త తడబడతాయి. కమొడోర్ 128లో డ్రమ్ము వంటకం 0, 5, 5, 0, తరంగం రొద. డప్పు జాతికి ఇది కొంతవరకు సరే. మామూలు చర్మవాద్యంలో పుట్టే పై కంపనాలు మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు అన్న లెక్కలో ఉండవు. అందుకే అవి రొదకు దగ్గరగా వినిపిస్తాయి.

మృదంగం అలా కాదు. కుడివైపు చర్మం మధ్యలో నల్లని పూత ముద్దగా పెట్టి ఉంటుంది, చూశారా? ఆ బరువు వల్ల మృదంగంలో కంపనాలు తీగ వాద్యంలో లాగే లెక్కగా, మూలస్వరానికి అనుస్వరాలుగా వస్తాయి. సి.వి. రామన్, శివకాళి కుమార్ ఈ సంగతిని 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. అందుకే మృదంగాన్ని శ్రుతి చేయగలుగుతున్నాం. కనుక రొదతో మృదంగం చేయబోతే మీకు దొరికేది మృదంగం కాదు, బియ్యం చెరిగిన చప్పుడు. దానికి అలలు కావాలి, దెబ్బ తగిలిన తొలి క్షణంలో కొంచెం రొద కావాలి. అంటే ఒకే స్వరం మధ్యలో తరంగమే మారాలి!

ఆ కిటుకును 1980ల మధ్యలో ఇంగ్లండు కుర్రవాళ్ళు కొందరు బాగా పట్టుకున్నారు. వాళ్ళలో రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే పేర్లు ప్రసిద్ధం. అక్కడ టీవీ తెర మీద బొమ్మ సెకనుకు 50 సార్లు మారుతుంది. వాళ్ళ సంగీతపు ప్రోగ్రాము కూడా అంతే, సెకనులో యాభయ్యో వంతుకు ఒకసారి మేల్కొని గదుల్లో అంకెలు మార్చేది. మొదటి యాభయ్యో వంతులో రొద, రెండోదానిలో త్రిభుజం, ఆపైన స్వరాన్ని జారవిడుస్తూ పోవడం. అది మేళం దెబ్బ! మూడు స్వరాలను ఒకే గొంతులో గిరగిరా వంతులేసి పలికిస్తే, చెవి వాటిని కలిపి ఒక స్వరగుచ్ఛంలా వింటుంది. మూడు గొంతుల చిప్పు అయిదారు వాద్యాల బృందంలా మోగేది ఈ మాయతోనే. 1985లో వచ్చిన కమాండో అనే ఆటకు హబ్బర్డ్ చేసిన సంగీతాన్ని ఆట ఆడకుండా కేవలం వినడానికే పెట్టుకునేవారున్నారు.

చిప్పు లోపాలు

తొందరలో చేసిన పని కనుక సిడ్‌లో లోపాలు లేకపోలేదు. కొన్నిసార్లు స్వరం మొదలు కావడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు ఆలస్యం చేసేది, తాళం తప్పేది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు స్వరానికి కాస్త ముందుగానే ఎత్తుగడ, తగ్గుదల గదులను సున్నా చేసి దాన్ని తప్పించుకునేవారు. అనుస్వరాలను వడగట్టే ఫిల్టరు ఒకటి చిప్పులో ఉంది, మూడు గొంతులకూ ఉమ్మడి. అది ఒక్కో చిప్పులో ఒక్కోలా పనిచేసేది. స్వరకర్త తన ఇంట్లో విన్న గంభీరమైన ధ్వని, కొన్నవాడి ఇంట్లో గుడ్డ కప్పినట్టు మోగవచ్చు. దీనికి మందు లేదు. అందుకని జాగ్రత్తపరులు ఫిల్టరు జోలికి పోయేవారే కాదు.

అన్నిటికన్నా వింత లోపం 54296 గదిలో ఉంది, హెచ్చుతగ్గుల గది. అక్కడ అంకె మార్చినప్పుడల్లా చిప్పు 'టిక్' మనేది. చూడడానికి చిరాకైన సంగతే. కాని ఎవరికో తట్టింది: ఆ టిక్‌లను సెకనుకు కొన్ని వేలసార్లు, ఒక్కోటి ఒక్కో ఎత్తున కొడితే? ధ్వని అంటే గాలిలో అటువంటి ఎత్తుపల్లాలే గదా! 0 నుంచి 15 వరకు పదహారు ఎత్తులు చాలు, రికార్డు చేసిన మాటను, డ్రమ్ము దెబ్బను తిరిగి పలికించవచ్చు. యానెస్ అమర్చని నాలుగో గొంతు అలా బయటపడింది. 1987లో ఆర్కనాయిడ్ అనే ఆటకు గాల్వే చేసిన సంగీతంలో డ్రమ్ములు ఈ దారినే వచ్చాయి.

1980ల చివరకు కంపెనీవారు సిడ్‌ను సరిదిద్ది 8580 అనే కొత్త చిప్పు తెచ్చారు. ఫిల్టరు బాగుపడింది, టిక్‌లు దాదాపు పోయాయి. కొత్త యంత్రం కొన్నవాళ్ళు పాత పాటలు పెట్టుకుని చూస్తే డ్రమ్ములు ఎక్కడో పక్క ఊరిలో మోగుతున్నట్టు ఉన్నాయి! కొందరు ఊరుకోలేదు. పెట్టె విప్పి, చిప్పు కాళ్ళలో ఒకదానికి చిన్న నిరోధకం అతికించి, పోయిన లోపాన్ని మళ్ళీ తెచ్చుకున్నారు.